ఎం4 అని చెప్పి ఎం3 బోర్డులు అంటగడుతున్నారు, కొనేముందు చూసుకోండి

అనంతపురం, కడప, కర్నూలు వైపు ప్రాజెక్టులకో, మోటార్ ప్యానెళ్ళకో మైక్రోకంట్రోలర్ బోర్డులు కొనేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. కార్టెక్స్-ఎం4 (చిప్ లోపలి ప్రాసెసర్ కోర్ రకం) అనీ, ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (ఎఫ్‌పీయూ, అంటే దశాంశ సంఖ్యల లెక్కలు నేరుగా చేసే హార్డ్‌వేర్) ఉందనీ చెప్పి నాకు అమ్మిన బోర్డుల్లో ఉన్నది ఎం3. దాంట్లో ఎఫ్‌పీయూ అసలుండదు. అమ్మినవాళ్ళ పేరు రాయను గానీ, ఎలా పట్టుకోవాలో వివరంగా చెప్తాను.

నేను అనంతపురంలో బోరు మోటార్లకు డ్రై రన్ ప్రొటెక్షన్ ప్యానెళ్ళు చేస్తాను. బోరులో నీళ్ళు అయిపోయి మోటారు ఊరికే తిరిగితే అది లాగే ఆంప్స్ పడిపోతాయి. అది గమనించి ఆపకపోతే మోటారు కాలుతుంది. రైతు మళ్ళీ పైపులన్నీ పైకి లాగించి రీవైండింగ్‌కి ఇచ్చుకోవాలి. అందుకే మూడు ఫేజుల కరెంటునూ ఎప్పటికప్పుడు చదివి, వర్గాలు కూడి, సగటు తీసి, వర్గమూలం కట్టాలి. ఎం4 ఎఫ్‌పీయూలో ఫ్లోట్ (దశాంశ సంఖ్య) గుణకారం 1 సైకిల్‌లో (ప్రాసెసర్ క్లాక్ ఒక్క టిక్కులో) అయిపోతుంది, భాగహారానికీ వర్గమూలానికీ 14 సైకిళ్ళు పడతాయి. పూర్ణాంకాలతో ఇదే లెక్క ఎం3లోనూ చేయొచ్చు, కాదనను. ఎం4 డబ్బులు తీసుకుని ఎం3 ఇవ్వడమే నా బాధ.

ప్రోగ్రాం ఎక్కింది గానీ ఎల్ఈడీ కూడా బ్లింక్ కాలేదు. మొదటి ఫ్లోట్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే హార్డ్‌ఫాల్ట్, అంటే ప్రాసెసర్ ఎర్రర్ కొట్టి అక్కడే ఆగిపోయింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "నీ కోడ్‌లోనే తప్పుంటాది అన్నా, కంపైలర్‌లో సాఫ్ట్ ఫ్లోట్ పెట్టుకో, పనిచేస్తాది" అన్నాడు. నిజంగానే పనిచేస్తుంది. మోసం దాగేది అక్కడే. సాఫ్ట్ ఫ్లోట్ పెడితే ఫ్లోట్ లెక్కలు హార్డ్‌వేర్ బదులు సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ప్రతి గుణకారమూ లైబ్రరీ ఫంక్షన్‌కి కాల్ అయిపోతుంది, ఒక్కోదానికి పదుల సైకిళ్ళు పడతాయి. పైగా ఆ కోడంతా ఫ్లాష్ (ప్రోగ్రాం ఉండే మెమరీ) నుంచి బస్ (చిప్ లోపలి డేటా దారి) మీదుగా రావాలి. ఎస్‌టీఎం32ఎఫ్103 లాంటి ఎం3 చిప్‌నే తీసుకుంటే, 72 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్లాష్‌కి 2 వెయిట్ స్టేట్లు (ఫ్లాష్ కోసం ఆగే అదనపు సైకిళ్ళు) పెట్టాలి. వరసగా నడిచే కోడ్‌కి, దాన్ని ముందే తెచ్చిపెట్టే ప్రీఫెచ్ బఫర్ సాయపడుతుంది, కానీ కాల్‌కీ రిటర్న్‌కీ జంప్ చేసినప్పుడల్లా ప్రాసెసర్ మళ్ళీ ఆగాల్సిందే. టేబుల్ మీద డెమోలో ఇదేమీ కనపడదు. మూడు ఫేజుల శాంపిళ్ళూ ఒకేసారి వచ్చిపడినప్పుడు తెలుస్తుంది.

హార్డ్‌ఫాల్ట్ ఒక్కటే రుజువు అనుకోకండి. అసలైన ఎం4లో కూడా సీపీఏసీఆర్ అనే సెట్టింగుల రిజిస్టర్‌లో ఎఫ్‌పీయూని ఆన్ చేయకపోతే ఇదే ఫాల్ట్ వస్తుంది. డీబగ్గర్ (చిప్ లోపలి విలువలు చదివే పరికరం) తగిలించి 0ఎక్స్ఈ000ఈడీ00 అడ్రస్‌లో ఉండే సీపీయూఐడీ (కోర్ గుర్తింపు నంబర్) చదవండి. చివరి నాలుగు అంకెల్లో మొదటి మూడు సీ24 అయితే ఎం4, సీ23 అయితే ఎం3, సీ27 అయితే ఎం7. చిప్ పైన అక్షరాలు గీకి ఏమైనా ప్రింట్ చేసుకోవచ్చు గానీ, కోర్ లోపలున్న ఈ నంబర్‌ని మార్చలేరు. నావన్నీ సీ23 చూపించాయి. చిప్‌ని ఏటవాలుగా వెలుతురులో పెడితే పైభాగం ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుగ్గా ఉంది, ఒకటో పిన్ గుర్తు దాదాపు చెరిగిపోయింది.

ఇంకో అబద్ధం కూడా నడుస్తోంది, ఎం4లో డబుల్ ప్రెసిషన్ (64 బిట్ల ఫ్లోట్) హార్డ్‌వేర్ ఉందని. లేదు, సింగిల్ (32 బిట్లు) మాత్రమే. కోడ్‌లో 0.1ఎఫ్ అనకుండా 0.1 అని రాస్తే అది డబుల్ అయిపోయి, మంచి చిప్‌లో కూడా లెక్క సాఫ్ట్‌వేర్‌కే పోతుంది. ఎం7 అన్నా నమ్మేయకండి: ఎస్‌టీఎం32ఎఫ్746లో సింగిల్ ఒక్కటే, ఎఫ్767లో డబుల్ కూడా ఉంది. డేటాషీట్ చూశాకే డబ్బులివ్వండి.

బిల్లు మీద చిప్ పార్ట్ నంబర్ పూర్తిగా రాయించుకోండి. "డెవలప్‌మెంట్ బోర్డు" అని మాత్రమే రాసిస్తే తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు. నా బిల్లులో నంబర్ ఉంది కాబట్టి, సీపీయూఐడీ స్క్రీన్‌షాట్‌తో కలిపి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఫైనలియర్ పిల్లలు ముఖ్యంగా, బోర్డు చేతికొచ్చిన రోజే ఆ అడ్రస్ చదివేయండి, రిటర్న్ గడువు ఉండగానే.