మూడేళ్లుగా పెరట్లో తేనెటీగల పెట్టె: నాకు అన్నిటికంటే అడుగు పలకే ముఖ్యం

పెరట్లో తేనెటీగలు పెంచుదామనుకునే వాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. కుడతాయా? తేనె ఎంత వస్తుంది? పెట్టె అడుగు ఎలా ఉండాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఈ మూడేళ్లలో నేను ఏడ్చింది ఆ అడుగు పలక వల్లే, ఇప్పుడు కాస్త నిశ్చింతగా ఉన్నదీ దాని వల్లే. అందుకే పెట్టెలో ఏయే భాగాలుంటాయి, ముసుగు ఎలా వేసుకోవాలి లాంటివి వదిలేస్తున్నాను. అవి శిక్షణలో ఎవరైనా చెబుతారు.

మాది కోనసీమ. ఇంటి వెనక పదకొండు కొబ్బరి చెట్లు, రెండు మునగలు, కాలవ గట్టు మీద కానుగ చెట్లు ఉన్నాయి. కొబ్బరి ఏడాది పొడవునా పొత్తి విప్పుతూనే ఉంటుంది కాబట్టి మాకు పుప్పొడికి లోటు లేదు. నేను పెంచేది చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే మన నాటు ఈగ. దానికి సరిపడే చిన్న పెట్టెను న్యూటన్ పెట్టె అంటారు. వందేళ్ల కిందట తిరుచ్చి వైపు ఉన్న న్యూటన్ అనే ఫాదర్ మన ఈగను చూసి, దాని కొలతకు తగ్గట్టు చేయించిన పెట్టె అది.

మొదటి పెట్టె శిక్షణ ఇచ్చిన చోటే ఒకరి దగ్గర కొన్నాను. ఈగలతో కలిపి ఐదు వేలు దాటింది. దాని అడుగు పలకను ఈగలు కాపురముండే గదికి మేకులు కొట్టి బిగించేశారు. అప్పుడు నాకది బాగా నచ్చింది. కదలదు, వంగదు, గాలికి ఊగదు. మా చెల్లెలు కూడా మొదలుపెడతానంటే అదే కొనిపించాను. మొదటి వేసవిలో రెండున్నర కిలోల తేనె తీశాం. ఆ తేనెలో కానుగ పూల వగరు కొంచెం తగిలింది. మా అత్తగారు సీసా ఎండకు ఎత్తి పట్టుకుని ఆ రంగు చూసి ఎంత సంబరపడ్డారో.

తర్వాత వానలు పట్టాయి.

శ్రావణమాసంలో ఈగల రాకపోకలు తగ్గాయి. వాన కదా, బయటికి రావడం లేదేమో అనుకున్నాను. పది రోజులకోసారి పైమూత తీసి చూస్తూనే ఉన్నాను. ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల్లో నడిమి వాటి మీద ఈగలు బాగానే కనిపించేవి. కానీ ఈగలు వచ్చిపోయే పెట్టె గేటు దగ్గర కూర్చుంటే కాళ్లకు పుప్పొడి ముద్దలతో వచ్చే ఈగ ఒక్కటీ లేదు. అరల్లో గుడ్లు కూడా లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో నాటు ఈగల పెట్టెలెన్నింటినో ఖాళీ చేసిందని శిక్షణలో చెప్పారు. పిల్ల పురుగు నీళ్ల సంచిలా ఉబ్బి, తల పైకెత్తి చచ్చిపడి ఉంటుందట. తెల్లారగానే టార్చి వేసి ఒక్కో అరా చూశాను. మిగిలిన ఆ కాసిని పిల్లలూ ముత్యాల్లా తెల్లగా ఉన్నాయి. జబ్బు లేదని ఊపిరి పీల్చుకుని మూత పెట్టేశాను. నేను చూడాల్సింది పైన కాదని అప్పటికి నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత, వాన వెలిసి ఎండ కాసిన పూట, పది గంటలప్పుడు మా అత్తగారి కేక వినిపించింది. "అమ్మాయ్! నీ ఈగలన్నీ బయటికొచ్చేశాయి, రా!" నేను వెళ్లేసరికి గేటులోంచి నీళ్లు పొంగినట్టు బయటికి పోతున్నాయి. పెరడంతా ఒకటే హోరు. కొబ్బరి మట్టల ఎత్తున రెండు చుట్లు తిరిగి పక్కింటి మునగ కొమ్మకు ముద్దగా వేలాడాయి. నీళ్లు చిమ్మితే కదలవని విని, చెంబుతో చిమ్మాను. బుట్ట, పాత పంచె తెచ్చి నిచ్చెన కోసం పరిగెత్తాను. నిచ్చెన వచ్చేలోపే ఆ ముద్ద విడిపోయి, గోదావరి వైపు వెళ్లిపోయింది. మొత్తం పావుగంట కూడా పట్టలేదు.

పక్కింటి బాబాయిగారు గోడ అవతల నుంచి అంతా చూస్తూనే ఉన్నారు. "ఏడవకమ్మా. ఇల్లు నచ్చకపోతేనే ఈగ లేచిపోతుంది. ఆ పెట్టె బోర్లించి చూడు," అన్నారు.

బోర్లించి చూస్తే, అడుగు పలక మీద వేలు మందాన నల్లటి పొడి పేరుకుని ఉంది. దానిమీద సాలెగూడు లాంటి బూడిద రంగు దారాలు. దారాల కింద తెల్లటి పురుగులు పాకుతున్నాయి. మూలల్లో గట్టి గూళ్లు, ఒక్కోటీ పలక చెక్కలోకి గంటు పెట్టుకుని అతుక్కుని ఉన్నాయి. పట్టును తినేసే మైనపు పురుగు! అక్కడి నుంచి సొరంగాలు చేసుకుంటూ చివరి మూడు చట్రాల్లోకి ఎక్కేసింది. ఆ చట్రాల మీద ఈగలు లేవని నేను ముందే చూశాను. లేకపోతే ఏముందిలే, ఖాళీ పట్టు, మళ్లీ వాడుకుంటాయి అనుకుని వదిలేశాను.

ఇలా ఎందుకైందో తర్వాత తెలుసుకున్నాను. మన నాటు ఈగ ముదిరి నల్లబడిన పట్టును కొరికి కింద పడేస్తుంది, ఆ పొడి అంతా అడుగునే చేరుతుంది. పైగా ఐరోపా ఈగ చెట్ల జిగురు తెచ్చి పెట్టె పగుళ్లు పూడ్చుకుంటుంది గానీ, మన ఈగకు ఆ అలవాటు లేదు. మేకులు కొట్టిన పలకకూ గదికీ మధ్య మిగిలిన సన్నటి సందుల్లో ఆ పురుగు తల్లి రాత్రిపూట వచ్చి గుడ్లు పెడుతుంది. అంటే నేను గట్టిగా ఉందని మెచ్చుకున్న ఆ బిగింపే పురుగుకు చోటిచ్చింది. ఊడదీసి తుడుద్దామంటే ఊడి రాదు.

మా ఊరి వడ్రంగి చేత ఆ మేకులు పీకించి, విడిగా వచ్చే పలకలు రెండు చేయించాను. గది వాటి మీద ఊరికే కూర్చుంటుంది. ఒకటి పెట్టె కింద ఉంటే రెండోది ఎండలో ఆరుతుంది. కొబ్బరి పీచు వెలిగించి రెండు సార్లు పొగ పట్టి, నేనూ మా ఆయనా చెరో పక్క గది ఎత్తుతాం, మా అబ్బాయి పలక మారుస్తాడు. మూడు నిమిషాల పని. చెల్లెలి పెట్టెకూ అలాగే చేయించాం. తనది అప్పటికింకా బాగానే ఉంది.

ఖాళీ పెట్టెను కడిగి, ఎండబెట్టి, లోపల పాత మైనం రుద్ది కొబ్బరి చెట్టు కింద ఉంచాను. ఆశ పెట్టుకుని ఉంచింది కాదు, ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అని. సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకు నాలుగైదు ఈగలు గేటులో దూరి వస్తూ పోతూ కనిపించాయి. మూడో రోజు మధ్యాహ్నం గుంపు మొత్తం వచ్చి దిగింది. నేను గేటు పక్కన నేల మీదే కూర్చుండిపోయాను. ఒక్క పైసా పెట్టకుండా, ఎవరూ పట్టి తేకుండా, వాటంతట అవే వచ్చాయి. ఆ గుంపే ఇప్పటికీ ఉంది.

పలక వల్ల ఇంకో లాభం ఉంది, ఇది ఎవరూ చెప్పగా వినలేదు. బయటికి తీసిన పలకను చూస్తే పైమూత ఎత్తకుండానే లోపలి సంగతి తెలిసిపోతుంది. పొడి చట్రాల కింద వరసలుగా పడుతుంది. నాలుగు వరసలుంటే నాలుగు చట్రాల మీద ఈగలు పని చేస్తున్నాయన్నమాట. లేత రంగు మైనపు పొరలు పడితే కొత్త పట్టు కడుతున్నాయి. పసుపు రంగు పుప్పొడి బిళ్లలు జారిపడి ఉంటే తిండి వస్తోంది. ఆవగింజ కంటే చిన్న నల్లటి మైనపు పురుగు రెట్ట గింజలు కనిపిస్తే మాత్రం అదే పూట పెట్టె విప్పాలి. ఇప్పుడు వారం వారం నేను ముందు చూసేది ఆ పలకే.

అయితే పలక మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని చెప్పలేను. మొదటి గుంపు పోవడంలో నా తప్పూ ఉంది. వానల్లో పంచదార పాకం పోయలేదు, ఖాళీ పట్లు తీసేయలేదు. ఇప్పుడు జూన్ రాగానే ఈగలు కప్పగలిగినన్ని చట్రాలే ఉంచి మిగతావి తీసేస్తున్నాను. విడి పలకతో ఇబ్బందులూ ఉన్నాయి. వానకు చెక్క ఉబ్బి ఒక మూల లేచింది, ఆ సందులోంచి చీమలు దూరబోయాయి. గాలివానకు గది కాస్త జరిగింది, అప్పటి నుంచి తాడు కట్టి ఉంచుతున్నాను. ఎత్తేటప్పుడు కుదిపితే ఈగలు కోపంగా మీదికి వస్తాయి. నాటు ఈగ సాధువని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. మబ్బు పట్టిన పూట మాత్రం ఆ మాట చెప్పను.

రాణి ఈగ బయటికి పోకుండా పెట్టే సన్న సందుల గేటు గురించి కూడా ఒక మాట. కొత్త గుంపు దిగిన మొదటి వారం పెట్టాను, పనికొచ్చింది. అలాగే వదిలేస్తే మాత్రం పోతుటీగలు, అంటే మగ ఈగలు, దానిలో ఇరుక్కుని చస్తాయి, కొత్త రాణి పుడితే జత కట్టడానికి బయటికి వెళ్లలేదు.

మాకు కుదిరింది కదా అని మీకూ కుదురుతుందని చెప్పలేను. మా చుట్టూ కొబ్బరి తోటలే కాబట్టి పురుగుమందుల గొడవ తక్కువ. ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉంటారు, గది ఎత్తడానికి రెండో మనిషి దొరుకుతారు. పత్తి, మిరప పొలాల పక్కన ఉన్నవాళ్లూ, అపార్ట్‌మెంట్ మేడ మీద ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లూ ముందు ఆలోచించుకోండి. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగమైతే వానాకాలంలో కష్టమే. తేనె కోసమే అయితే, నాకు రెండో ఏడాది వచ్చింది మూడు కిలోలు, ఈ ఏడాది నాలుగు. అమ్ముకోవడానికి కాదు, ఇంటికీ చుట్టాలకూ సరిపోతుంది. కొనేముందు పెట్టెను ఒక్కసారి బోర్లించి చూడండి. అడుగున మేకులుంటే వేరేది అడగండి, లేదా మీ వడ్రంగి చేత ముందే పీకించండి.

మొన్న వాన వెలిశాక పలక తీశాను. ఐదు వరసలు, కొంచెం మునగ పుప్పొడి, రెండు చచ్చిన ఈగలు. అంతే. పలక గోడకు ఆనించి ఎండకు పెట్టాను.