ఎప్సన్ పర్ఫెక్షన్ వీ600: పాత ఫొటోల కోసం కొన్నేళ్లు వాడాక

ఇంట్లో ఫొటోలతో పాటు నెగెటివ్‌లు కూడా మిగిలి ఉంటే ఈ స్కానర్ పెట్టిన డబ్బుకు తగినది. ప్రింట్లు మాత్రమే ఉండి, అవీ వంకరపోకుండా ఉంటే ఇంత పెద్ద యంత్రం అక్కరలేదు.

నేను కొన్నది నెగెటివ్‌ల కోసమే. మా నాన్నగారిది అగ్ఫా క్లిక్ 3 కెమెరా. 120 రోలుకు (35 మిల్లీమీటర్ల కన్నా వెడల్పాటి ఫిల్ము చుట్ట) 12 చతురస్రపు ఫొటోలు వచ్చేవి. ప్రింట్లలో చాలావరకు చెదపురుగుల పాలైనా, నెగెటివ్‌లు స్టూడియో కవర్లలో పదిలంగా ఉన్నాయి. చవక ఫిల్మ్ స్కానర్లు చాలావరకు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకే పరిమితం. ఇది 120 ఫిల్మునూ తీసుకుంటుంది. 1979 గోదావరి పుష్కరాల్లో తీసిన ఫొటో ప్రింటులో నాయనమ్మ వెనక ఎవరో మసకగా కనిపించేవారు. నెగెటివ్ స్కాన్ చేశాక అది మా పెద్ద మేనత్త అని ఇంట్లో అందరూ గుర్తుపట్టారు. ఆవిడ పెళ్లికి ముందరి ఫొటో మాకు ఇదొక్కటే.

దుమ్మును, గీతలను తొలగించే డిజిటల్ ఐస్ సౌకర్యం 1990ల రంగుల నెగెటివ్‌ల మీద అద్భుతంగా పనిచేస్తుంది. అయితే సాధారణ నలుపు తెలుపు ఫిల్ము మీద దాన్ని వాడకండి. ఐస్ దుమ్మును కనిపెట్టేది కంటికి కనిపించని పరారుణ కాంతితో. ఆ కాంతి రంగుల ఫిల్ములోని రంగుపొరల గుండా దాటిపోతుంది, దుమ్ము దగ్గరే ఆగుతుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంతా వెండితో ఏర్పడినదే కాబట్టి ఆ కాంతి బొమ్మ దగ్గర కూడా ఆగిపోతుంది. అందుకని వాటిని మెత్తటి కుంచెతో తుడిచి స్కాన్ చేసి, మిగిలిన మచ్చలు చేత్తో దిద్దుకోవాలి. ఓపిక కావాలి.

ఇందులో ఉన్నది సీసీడీ సెన్సార్, అంటే కటకం ద్వారా బొమ్మను చూసే రకం. సెన్సార్ గాజుకు దగ్గరగా ఉండే సన్నటి సీఐఎస్ రకం స్కానర్లలో గాజుకు ఆనని భాగం మసకబారుతుంది. ఇందులో కొద్దిగా ఎత్తున ఉన్నదీ స్పష్టంగానే వస్తుంది. తేమకు ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోను ఊడదీయకండి, ముఖం మీది పొర అద్దంతోపాటే వచ్చేస్తుంది. ఫ్రేము విప్పి, అద్దంతో సహా స్కాన్ చేయండి. తాతయ్య పెళ్లి ఫొటోను నేను అలాగే దక్కించుకున్నాను.

పోస్టుకార్డు సైజు ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. 4×6 అంగుళాల ఫొటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది. పాస్‌పోర్టు ఫొటోలకు 1200, 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌లకు 3200 పెడతాను. అంతకు మించితే ఫైలు బరువెక్కుతుందే గానీ కొత్తగా కనిపించేదేమీ ఉండదు. అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, బంధువులకు పంపే ప్రతిని జేపెగ్‌గా దాచుతున్నాను. ఫొటో వెనుక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్నుతో రాసిన తేదీ, ఊరి పేరు అక్కడే ఉంటాయి.

కృత్రిమ మేధ యాప్‌లతో ముఖాలకు మెరుగులు దిద్దడం నాకు నచ్చదు. ఒక యాప్ నాయనమ్మకు ఎవరివో కళ్లు పెట్టింది. వాటిని వాడినా అసలు స్కాన్‌ను మాత్రం ముట్టుకోకండి.

స్కానర్ పలక ఏ4 కన్నా ఏమంత పెద్దది కాదు. గోడకు వేలాడే పెద్ద ఫొటోలను రెండు మూడు ముక్కలుగా స్కాన్ చేసి కంప్యూటర్‌లో కలుపుకోవాలి. ఫిల్మును పట్టి ఉంచే చట్రంలో 35 మిల్లీమీటర్లవి ఒకేసారి 12 ఫ్రేములు పడతాయి. ఎక్కువ డీపీఐ పెట్టి, ఐస్ కూడా వేస్తే చాలాసేపు పడుతుంది కాబట్టి నేను ఆదివారాలే పెట్టుకుంటాను, అమ్మ పక్కన కూర్చుని పేర్లు చెబుతూ ఉంటుంది.