ఐదొందల డాలర్ల ఆవిరి మిషన్: పఫ్‌కో పీక్ ప్రో ఏడాదిన్నర వాడాక

ముందే చెప్పేస్తా, నేనుండేది కెనడాలో, మిస్సిసాగాలో. ఇక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి లీగల్, ఆంటారియోలో 19 నిండితే ఐడీ చూపించి షాపులో కొనుక్కోవచ్చు. ఈ మిషన్ వేడి చేసి ఆవిరి చేసేది వ్యాక్స్, షాటర్, రోజిన్ లాంటి కాన్సంట్రేట్లని, అంటే గంజాయి నుంచి తీసిన చిక్కటి సారాన్ని, అవి షాపుల్లోకి రావడానికి మాత్రం ఇంకో ఏడాది పైనే పట్టింది. హైదరాబాద్ నుంచి చదివేవాళ్లు "అన్నా ఇక్కడ ఎక్కడ దొరుకుద్ది" అని అడగొద్దు ప్లీజ్, అక్కడ హ్యాష్ ఆయిల్ అంటే ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో చరస్ కిందే లెక్క, పోనీ మిషన్ ఒక్కటీ తెచ్చుకుని షోకేస్‌లో పెట్టుకుందాం అనుకున్నా 2019లో ఈ-సిగరెట్ల మీద పెట్టిన బ్యాన్ ఉంది. సరే, ఇక విషయంలోకి.

నేను మొదట కొన్నది ఇది కాదు. 40 డాలర్లకి ఒక వేప్ పెన్ కొన్నా, పేరు అనవసరం, అలాంటివి షాపు అద్దాల వెనక వరసగా పది రకాలుంటాయి. పైన మూత తీస్తే లోపల చిన్న గిన్నె, దాని అడుగున కాయిల్ అనే వేడెక్కే తీగచుట్ట, దాని మీద సరుకు పెట్టి బటన్ నొక్కి పట్టుకుని పీల్చడమే. మొదటి వారం సూపర్ అనిపించింది. రెండో వారం నుంచి ప్రతి పీల్పుకీ మాడిన పోపు వాసన. ఎందుకంటే ఆ కాయిల్ ఎర్రగా కాలుతుంది, మధ్యలో వేడి కంట్రోల్ లేదు, మనం నొక్కినంతసేపూ అది కాల్చుకుంటూ పోతుంది, మనకేమో ఎప్పుడు ఆపాలో తెలీదు. కాయిల్ చుట్టల సందుల్లో మిగిలిపోయింది నల్లగా గట్టిపడి కూర్చుంటుంది, తుడుద్దామంటే కాటన్ బడ్ లోపలికి దూరదు. మూడో నెలలో బటన్ చచ్చిపోయింది, అమ్మిన షాపుకి తీసుకెళ్తే కౌంటర్‌లో కుర్రాడు దాన్ని చేత్తో కూడా పట్టుకోకుండా "కాయిల్స్‌కి వారంటీ లేదు బ్రో" అన్నాడు. బటన్ రా బాబూ పోయింది కాయిల్ కాదు అంటే కూడా అదే మాట.

అప్పుడు ఒక విషయం బుర్రకెక్కింది. వీటిని కొనేటప్పుడు అందరూ పొగ ఎంత వస్తుంది, బ్యాటరీ ఎంత, లైట్లు ఎలా వెలుగుతాయి అని చూస్తారు, అసలు అడగాల్సింది రెండే: వేడి ఎంతో నేను సెట్ చేయగలనా, వాడిన వెంటనే గిన్నె తుడవగలనా. ఈ రెండూ లేనిది వంద డాలర్లదైనా నలభైదైనా మూడు నెలల ముచ్చటే.

మరి ముందే నూనె నింపి అమ్మే కార్ట్రిడ్జ్ పెన్ కొనుక్కోవచ్చుగా, ఈ గొడవంతా ఎందుకు అంటారా, కొనుక్కోవచ్చు, జేబులో పట్టుద్ది, తుడిచే పనుండదు. కానీ అందులో ఏం పోశారో మనకి కనపడదు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రుల పాలైనవాళ్లు గుర్తున్నారా, 2020 ఫిబ్రవరి నాటికి అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో 2,807 కేసులు, 68 చావులు, అందులో ఎక్కువ భాగం బ్లాక్‌లో కొన్న కార్ట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌తో గట్టిగా ముడిపడి ఉందని తేలింది. లైసెన్స్ ఉన్న షాపులో ఎక్సైజ్ స్టాంప్ ఉన్నది కొంటే ఆ భయం తక్కువే కానీ నాకు మాత్రం కళ్ల ముందు కనపడే ముద్ద మీదే నమ్మకం. ముఖ్యంగా రోజిన్, దాన్ని వేడి పెట్టి ప్రెస్‌లో నొక్కి తీస్తారు, బ్యూటేన్ గ్యాస్ లాంటివి ఏమీ వాడరు. చూడ్డానికి అచ్చం ముద్ద ఇంగువే, రంగూ అదే, జిగురూ అదే. షాటర్ అయితే ముదిరిన బెల్లం పాకం, చల్లారితే ఠప్‌మని విరుగుతుంది.

ఇక పీక్ ప్రో. పఫ్‌కో అనేది అమెరికా కంపెనీ, మొదటి పీక్ 2018లో వచ్చింది, ఈ ప్రో 2020లో. కింద బ్యాటరీ ఉన్న నల్లటి బేస్, దాని మీద కోన్ షేపులో గాజు, గాజులో కొంచెం నీళ్లు, ముందు పక్క చిన్న సెరామిక్ గిన్నె ఉన్న చాంబర్, దాని మీద కార్బ్ క్యాప్ అనే మూత. వేడి నాలుగు రంగుల్లో ఉంటుంది, నీలం అన్నిటికంటే తక్కువ, తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు. బటన్ ఒకసారి నొక్కితే రంగు మారుతుంది, రెండుసార్లు గబగబా నొక్కితే వేడెక్కడం మొదలు, ఓ ఇరవై సెకన్లలో చేతిలో బర్రుమని వణుకుతుంది, అప్పుడు పీల్చాలి. గ్యాస్ మంట టార్చ్ లేదు, క్వార్ట్జ్ గిన్నె ఎర్రగా కాల్చి టైమర్ పెట్టుకుని చల్లారేదాకా కూర్చునే పనే లేదు. మా ఫ్రెండ్ ఒకడు ఇప్పటికీ టార్చే వాడతాడు, వాడి సోఫా చూస్తే తెలుస్తుంది ఎన్నిసార్లు మిస్సయ్యాడో.

నా పద్ధతి చెప్తా. బియ్యపుగింజంత, అంతకంటే తక్కువే, టూల్‌తో తీసి చల్లగా ఉన్న గిన్నెలో పెడతా. నీలం రంగు, లేదంటే ఆకుపచ్చ. వణికాక నెమ్మదిగా, వేడి కాఫీ ఊదుకుంటూ చప్పరిస్తామే అలా చిన్నగా లాగాలి, స్ట్రాతో కొబ్బరిబోండాం లాగినట్టు లాగితే సరుకు కాస్తా ఆవిరయ్యేలోపే గొట్టంలోకి పోయి నీళ్లలో పడుతుంది, డబ్బులు నీళ్లపాలు అంటే ఇదే. తెలుపు రంగులో పొగ బాగా వస్తుంది నిజమే, దగ్గూ అంతే వస్తుంది, ఆ రోజిన్‌లో నిమ్మతొక్క లాంటి వాసన ఉంటుంది చూశారా అదంతా పోయి గొంతులో మంట మిగులుతుంది. పోపు సంగతి మన ఇళ్లలో చెప్పక్కర్లేదు కదా, ఆవాలు చిటపటలాడగానే దించేవాళ్లు ఉంటారు, మిరపకాయ నల్లబడేదాకా చూసేవాళ్లూ ఉంటారు, ఆ రెండో రకం వాళ్లు దీన్ని కొనడం దండగ.

అసలు ఈ రివ్యూ అంతా ఇక్కడే ఉంది: వణుకు ఆగింది, పీల్చడం అయింది, ఇప్పుడు దాన్ని పక్కన పెట్టి సోఫాలో వాలిపోవాలనిపిస్తుంది. వాలొద్దు. గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉండగానే క్యూటిప్, అంటే కాటన్ బడ్, పొడిది ఒకటి తీసుకుని అడుగున మిగిలిన తేనెరంగు జిడ్డుని గుండ్రంగా తిప్పుతూ తుడవాలి, తర్వాత ఇంకో క్యూటిప్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొసన తడిపి, పిండేసి, మళ్లీ ఒక రౌండ్. మొత్తం కలిపి అర నిమిషం పని. గిన్నె మళ్లీ తెల్లగా, కొత్త పింగాణీ కప్పులా కనపడాలి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే మళ్లీ ఆన్ చేయాలి, తడి మీద వేడి పెడితే అంటుకునే వస్తువది. ఒక్కసారి వదిలేసినా పర్లేదు అనుకుంటాం, రెండోసారి ఆ మిగిలింది నల్లగా మాడి సెరామిక్‌లోకి ఇంకిపోతుంది, ఇక గోకినా పోదు, ఆ తర్వాత ఏం వేసినా అదే చేదు. నా మొదటి చాంబర్ అలాగే పోగొట్టుకున్నా, తప్పు నాదే, పండక్కి ఫ్రెండ్స్ వచ్చారు, వరసగా వాడేశాం, తుడిచిన నాథుడు లేడు. చాంబర్ విడిగా అమ్ముతారు కానీ అది చౌక కాదు, ఈ మిషన్ కొనేవాళ్లు చాంబర్‌ని షేవింగ్ బ్లేడులా ఖర్చయ్యే వస్తువు కిందే లెక్కేసుకోవాలి. తర్వాత నేను వేసింది త్రీడీ చాంబర్, అందులో అడుగే కాదు పక్క గోడలూ వేడెక్కుతాయి, అందుకే తక్కువ వేడిలోనే పని అయిపోతుంది, మిగిలే జిడ్డూ తక్కువ. కొత్తగా కొనేవాళ్లు అది ఉన్న మోడలే తీసుకోండి.

నీళ్ల గాజు రెండు మూడు రోజులకోసారి వేడినీళ్లతో కడిగితే చాలు. నీళ్లు పోసేటప్పుడు మాత్రం గాజుని బేస్ నుంచి తీసి పోయండి.

పోర్టబుల్ అంటారు గానీ ఇది జేబులో పట్టేది కాదు, బ్యాగులో పట్టేది. కేస్ మాత్రం గట్టిది. జనవరిలో ఒకసారి బ్లూ మౌంటెన్‌కి వెళ్తూ దీన్ని నీళ్లతో సహా కేస్‌లో పెట్టి కారు ట్రంకులో రాత్రంతా వదిలేశా, బయట మైనస్ 18. పొద్దున చూస్తే గాజులో ఐసు ముద్ద, నిలువునా సన్నటి గీత. ఇందులో కంపెనీని అనేదేముంది, నీళ్లు గడ్డకడితే సీసా పగులుద్దని ఐదో క్లాసులో చదివాం. ఆ చలిలో ఉన్న దాన్ని లోపలికి తెచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టకూడదని కూడా అప్పుడే తెలిసింది, లిథియం బ్యాటరీని సున్నా కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల పాడవుతుంది. విమానంలో అయితే కెనడా లోపలే, అదీ మిషన్ శుభ్రంగా తుడిచి చేతిబ్యాగులో, చెకిన్‌లో కాదు.

అమెరికా వైపు మాత్రం అస్సలు వద్దు. మనవాళ్లు లాంగ్ వీకెండ్ రాగానే బఫెలో అంటూ బయల్దేరతారు, ఇక్కడా లీగలే న్యూయార్క్‌లోనూ లీగలే కదా అనుకుంటారు, బోర్డర్ దాటించడం రెండు వైపులా నేరమే, పైగా అమెరికా ఫెడరల్ చట్టంలో ఇది ఇంకా లీగల్ కాదు, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. కాలిఫోర్నియాలో హెచ్1బీ మీద ఉండి గ్రీన్ కార్డు లైన్లో నించున్న మన బ్రదర్స్‌కి కూడా ఇదే మాట, షాపు పక్క వీధిలోనే ఉన్నా ఆ రిస్కు మీ ఫైలుకే.

యాప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేడి డిగ్రీల్లో సెట్ చేసుకోవచ్చు, సెకన్లు పెంచుకోవచ్చు, లైట్ల రంగులు మార్చుకోవచ్చు, మొదటి వారం ఆడుకుని తర్వాత మర్చిపోయా. ఐఫోన్ వాళ్లకి చిన్న తలనొప్పి, 2019 నవంబర్‌లో యాపిల్ వేపింగ్ యాప్‌లన్నీ స్టోర్ నుంచి తీసేసింది, నేను కొన్నప్పుడు బ్రౌజర్ దారిలో తిప్పి తిప్పి కలపాల్సి వచ్చింది.

లాస్ట్ సమ్మర్ అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చారు. దాచిపెట్టా అనుకున్నా, అమ్మ క్లోజెట్ సర్దుతూ తీసింది. "ఏరా, ఈ గాజు బుడ్డేంటి?" అంది. నాకు నోట మాట రాలా. తనే అటూ ఇటూ తిప్పి చూసి, "జలుబుకి ఆవిరి పట్టుకునే మిషనా, ప్లగ్గు పెడితే చాలా? మీ నాన్నకి రాత్రి నుంచి ముక్కు దిబ్బడగా ఉంది" అంది. "అది పాడైంది అమ్మా" అని లాక్కుని, పరిగెత్తి షాపర్స్ అనే మందుల షాపుకి వెళ్లి 50 డాలర్లు పెట్టి నిజం ఆవిరి మిషన్ కొనుక్కొచ్చా. ఆ ఖర్చు కూడా దీని లెక్కలోనే వేశా.

లెక్క అంటే, టాక్స్‌తో ఐదొందలు దాటింది, పైన చాంబరూ గాజూ కలిపి ఇంకో రెండొందలకి దగ్గరగా. రోజిన్ గ్రాము నేను కొన్నప్పుడు 40 నుంచి 60 డాలర్ల మధ్య ఉండేది, నేను పెట్టుకునే గింజ ఓ 25 మిల్లీగ్రాములు, అంటే గ్రాముకి నలభై సార్లు. వారానికి రెండు రాత్రులు వాడే నాకు అది బోలెడు. పెన్నులో ఆ గ్రాము మూడు వారాలు కూడా ఆగేది కాదు, సగం మాడిపోయేది. ఒకటి మాత్రం, రోజిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి, మా ఇంట్లో పచ్చడి సీసాల వెనక తాళమున్న డబ్బాలో ఉంటుంది, పిల్లలున్న ఇల్లయితే తాళం తప్పనిసరి.

ఎవరు కొనకూడదు? ఎప్పుడూ అలవాటు లేనివాళ్లు. మామూలు గంజాయి పువ్వులో మత్తెక్కించే టీహెచ్‌సీ 20 శాతం ఉంటే ఇందులో 70, 80, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ, మొదటిసారికే ఇది పట్టుకుంటే గుండె దడదడలాడుతూ బాత్రూం నేల మీద కూర్చుంటారు, మా పాత రూమ్మేట్ కూర్చున్నాడు, రెండు గంటలు. వయసు పాతిక లోపు ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉన్నవాళ్లు కూడా దీని జోలికి పోవద్దు. రోజూ వాడితే అలవాటు పడిపోతాం, అందుకే నాకు వారానికి రెండు అని లెక్క. వాడిన రాత్రి కారు తాళాలు మా ఆవిడ దగ్గరుంటాయి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా అని ఇద్దరు అడిగారు. బేస్ తీసుకోండి, చాంబర్ మాత్రం కొత్తది వేసుకోండి. చూడ్డానికి వెళ్లినప్పుడు మూత తీయించి గిన్నె అడుగు చూడండి, అది నల్లగా ఉంటే వాడు బేస్‌ని కూడా అలాగే చూసుకుని ఉంటాడు.