చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్స్ గైడెడ్ టూర్: ఒక సెంట్రింగ్ కాంట్రాక్టర్ రివ్యూ

సెంట్రింగ్ విప్పాక కాంక్రీటు ఎలా వచ్చిందో చూసేది మేస్త్రీ, ఇంజనీరు. ఆపైన ప్లాస్టరింగ్ పడితే తప్పులూ ఒప్పులూ అన్నీ లోపలే ఉండిపోతాయి. చండీగఢ్ సెక్టార్ 1లోని ఈ కాంప్లెక్స్‌లో ఆ వెసులుబాటు లేదు. లె కార్బుజియే అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన హైకోర్టు, సెక్రటేరియట్, అసెంబ్లీ మూడింటిలోనూ పోసిన కాంక్రీటును పోసినట్టే వదిలేశారు. గైడ్ చరిత్ర చెబుతూ ముందుకు పోతుంటే, నా వృత్తే అది కాబట్టి, నేను అతుకులు చూసుకుంటూ వెనకబడిపోయాను.

నా ఓటు హైకోర్టుకే. ఎంట్రన్సులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మూడు భారీ స్తంభాలుంటాయి. అందరూ ఫొటోలు దిగేది అక్కడే. మీరు మాత్రం తల పైకెత్తి కప్పు చూడండి. అసలు శ్లాబు మీద గొడుగులా ఇంకో కప్పు వేసి, మధ్యలో గాలి ఆడేలా ఖాళీ వదిలారు. ఎండంతా పైదే భరిస్తుంది. 1950లలో ఆలోచించిన పని ఇది. మనమేమో శ్లాబు మాడిపోయేలా కట్టి, ఏసీలు పెట్టుకుంటున్నాం.

అసెంబ్లీ మీద గుండ్రంగా లేచే టవర్‌కు ప్రేరణ థర్మల్ స్టేషన్ల కూలింగ్ టవరట. పంజాబ్, హర్యానా అసెంబ్లీలు రెండూ ఈ ఒక్క భవనంలోనే నడుస్తాయి. పదేళ్ల ఉమ్మడి రాజధానికే మనం అంత గొడవ పడ్డాం. వీళ్లు 1966 నుంచీ నెట్టుకొస్తున్నారు! సెక్రటేరియట్ పావు కిలోమీటరు పొడవు. బయటి నుంచి చూస్తే చాలు.

అక్కడే ఉన్న 26 మీటర్ల 'ఓపెన్ హ్యాండ్', అంటే తెరిచిన చేతి ఆకారంలో ఉన్న శిల్పం, గాలికి తిరుగుతుందంటారు. మేం వెళ్లినరోజు గాలి లేదు, అది కదల్లేదు.

నాకు నచ్చనిది భవనాల మధ్య ఉన్న మైదానం. నీడ గురించి అంత ఆలోచించిన మనిషి, నడిచేవాళ్లను ఎండకు వదిలేశాడు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ సగంలోనే కూర్చుండిపోయింది. పెద్దవాళ్లతో వెళితే పొద్దున టూరే ఎంచుకోండి, నీళ్ల బాటిల్ మరవకండి. ఇవి పనిచేసే ఆఫీసులు కాబట్టి సెక్యూరిటీ గట్టిగానే ఉంటుంది, ఒరిజినల్ ఫొటో ఐడీ దగ్గరుంచుకోండి.

అయిదుకు నాలుగు ఇస్తాను. టైముంటే సెక్టార్ 19లో లె కార్బుజియే సెంటర్ కూడా చూడండి. నగరాన్ని డిజైన్ చేసిన పాత ఆఫీసు అదే, డ్రాయింగులు అక్కడున్నాయి.