కిటికీ వెలుతురులో నాన్న, ఫ్లాష్‌లో నాన్న: శ్రీకాకుళంలో ఒక స్టూడియో

పాలకొండ రోడ్డు వైపు సందులో, మేడ మీదుంది ఈ స్టూడియో. పేరు రాయను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. మా నాన్నకి ఎనభై నిండాయి కదా, హాల్లో పెట్టుకోవడానికి మంచి ఫోటో ఒకటి తీయిద్దామని తీసుకెళ్లాం. ఆయన పొందూరు ఖద్దరు తప్ప ఇంకోటి కట్టరు. అంచేత ఫోటోలో నాకు మొహం ఎంత ముఖ్యమో, ఆ బట్టా అంతే.

అరసవల్లి స్వామి పాదాల మీద ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు పడతాయని జనం తెల్లారకుండానే లైను కట్టే ఊరు మనది. ఫోటో దగ్గరికొచ్చేసరికి మాత్రం లైటంటే కెమెరా నెత్తిమీది ఫ్లాషే అనుకుంటాం! ఇక్కడ అడిగితే రెండు రకాలుగానూ తీస్తారు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. అందులోంచి ఎండ నేరుగా పడదు, ఎదురింటి సున్నం గోడకి తగిలిన వెలుతురు లోపలికొస్తుంది. కెమెరా పట్టిన కుర్రాడు ముందు గదిలో బల్బులన్నీ ఆర్పేశాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. పగటి వెలుతురు 5500 కెల్విన్ పైమాట, పసుపు బల్బు 3000 లోపు. రెండూ కలిస్తే ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు.

మొదట కుర్చీ కిటికీని ఆనుకునే వేశాడు. ఇటు చెంప తెల్లబోయింది, అటు చెంప చీకటి. బారెడు ఇవతలికి జరిపి, వెలుతురు తగిలి వెనక్కి కొట్టేలా నీడ వైపు థర్మోకోల్ షీటు నిలబెట్టేసరికి సర్దుకుంది. ఆ ప్రింటులో కండువా చూసి తీరాలి. చేత్తో వడికిన నూలు, ఒక పోగు సన్నం, పక్కది కాస్త లావు. వెలుతురు పక్కనుంచి రావడంతో ఆ ఎగుడుదిగుడంతా తేలింది. నుదుటి గీతలూ అంతే. కంటిపాపలో కిటికీ చదరం బుల్లిగా మెరుస్తోంది. తేడా చూద్దామని కెమెరా మీది ఫ్లాష్ నేరుగా కొట్టించాను. అదే కండువా తెల్ల కాగితంలా వచ్చింది.

అలాగని ఫ్లాష్‌ని తీసిపారేయలేను. నాన్నకి తల కొద్దిగా వణుకుతుంది. కిటికీ దగ్గర వెలుతురు తక్కువై షటర్ సెకనులో అరవయ్యో వంతుసేపు తెరిచి ఉంచాల్సి రావడంతో చాలా ఫ్రేముల్లో కళ్లు చెదిరిపోయాయి. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే తీరు, పెంచితే ఫోటో గరుకు. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యోవంతుకి అటూఇటూ, ఆ వ్యవధిలో వణుకు పడదు. దాన్ని కెమెరా మీంచి దింపి, వెలుతురుని మెత్తబరిచే గొడుగు తగిలించి, తలకన్నా ఎత్తులో పక్కగా పెట్టి తీసినవి బాగానే వచ్చాయి. కళ్లద్దాల్లో మెరుపు పడితే స్టాండు ఇంకాస్త లేపి, కళ్లజోడు కాడలు చెవుల మీద కొద్దిగా ఎత్తిపెట్టాడు. మెరుపు పోయింది. మనవలందరితో గ్రూపు ఫోటోకి కిటికీ చాలనే చాలదు, ఆ చివరవాళ్లు చీకట్లో పడతారు. దానికి ఫ్లాష్‌ని తెల్ల సీలింగు మీదికి తిప్పి కొట్టాడు. “ఏటి బాబూ, ఉరమకండానే మెరుపులేటి?” అన్నారు నాన్న. ఆ నవ్వులో తీసిందే అన్నిట్లోకీ బాగుంది.

ఇక తిట్లు. మొదటి ప్రింటులో ముడతలన్నీ చెరిపేసి, మనిషిని రెండు ఛాయలు తెల్లగా చేసి ఇచ్చారు. పొద్దంతా కుర్చీ జరిపి, షీటు జరిపి తెచ్చుకున్న వెలుగునీడలు మౌసుతో తుడిచిపెట్టేశారన్నమాట. “అందరూ ఇలాగే కావాలంటారు సార్” అన్నాడు కంప్యూటర్ దగ్గరున్నతను. నాన్న ఆ ప్రింటు చూసి “ఈయనెవరు?” అన్నారు. మళ్లీ వేసిచ్చారు, డబ్బులడగలేదు గానీ వారం పోయింది. మీరు పక్కన కూర్చుని ఎడిటింగు చేయించుకోండి. మెరిసే కాగితం వద్దని, మ్యాట్ కావాలని అక్కడే చెప్పండి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకి కష్టం.

12×18 మ్యాట్ ప్రింటు ఫ్రేముతో 1,400 అయింది. కిటికీకీ ఫ్లాష్‌కీ రేటు ఒక్కటే. ముహూర్తాల రోజుల్లో ఆ కుర్రాడు పెళ్లిళ్లకి పోతాడు, షాపులో ఉండే పెద్దాయన బతిమాలినా కిటికీ తెర తీయడు. వెళ్లేముందు ఫోన్ చేసి ఎవరున్నారో కనుక్కోండి.