ఎస్వీయూ దగ్గర పీజీసెట్ ఇంగ్లీష్ బ్యాచ్: బీఎడ్ వాళ్లు చేరొచ్చా?

బీఎడ్‌లో ఇంగ్లీష్ మెథడాలజీ తీసుకున్నోళ్ల దగ్గర ఎంఏ మాట ఎత్తి చూడండి, ముందు డీఎస్సీ కొట్టి స్కూల్ అసిస్టెంట్ అయితే చాలు పీజీ సంగతి తర్వాత చూద్దాంలే అంటారు, అమ్మాయిలకైతే ఇంట్లో ఇంకా రెండేళ్లు చదువా అని మొదలైపోతాది. మా క్లాసులోనూ ఇదే. అయినా కొంతమందిమి కలిసి తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర బాలాజీ కాలనీలో మేడమీద, ఎంఏలో చేరడానికి రాసే పీజీసెట్‌కి ఇంగ్లీష్ కోచింగ్ ఇచ్చే ఈ చిన్న సెంటర్‌లో చేరినాం.

మొదటి క్లాసులో సార్ సిలబస్ జోలికే పోలేదు. స్కూల్ అసిస్టెంట్‌కి డిగ్రీ, బీఎడ్, టెట్ ఉంటే చాలు, ఇంటర్ స్థాయి క్లాసులకి చెప్పే పీజీటీ పోస్టుకి ఎంఏలో 50 శాతం రావాల, జూనియర్ లెక్చరర్‌కి పీజీ లేకుండా అప్లికేషనే పెట్టలేం, డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీల్లో చెప్పడానికి అర్హత పరీక్ష అయిన నెట్‌కి జనరల్ వాళ్లయితే పీజీలో 55 శాతం కావాల అని బోర్డు మీద రాసి చెప్పినారు. ఇంత విడమరిచి మాకు బీఎడ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆ రోజే ఇద్దరు ముగ్గురు మనసు మార్చుకున్నారు, అమ్మాయిలు పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎంఏ గురించి అడగడం మొదలుపెట్టినారు.

గ్రామర్, ఫొనెటిక్స్ (ఉచ్చారణ పాఠాలు) చాలా బాగా చెప్తారు. 'రికార్డ్' నామవాచకమైతే ముందు భాగాన్ని, క్రియ అయితే వెనక భాగాన్ని ఒత్తి పలకాల అని చెప్పి ఊరుకోరు, మన చేతే బోర్డు దగ్గర పాఠం చెప్పిస్తారు, అది టీచింగ్ ప్రాక్టీసుకి కూడా బాగా పనికొచ్చింది.

లిటరేచర్ దగ్గరే నాకు బాధ. మాలో బీఎస్సీ, బీకాం చేసొచ్చినోళ్లే ఎక్కువ, డీఎస్సీ ముందు అనే మాట వెనక అసలున్నది ఈ లిటరేచర్ భయమే అని నాకు గట్టిగా అనిపిస్తాది. అట్లాంటి వాళ్లకి ఒక్క పద్యమైనా కూర్చోబెట్టి చదివించాల కదా, ఇక్కడ రొమాంటిక్ కవులు వచ్చేసరికి పేర్లు, సంవత్సరాలు, బిట్లు, అంతే, పరుగు. మార్కులు వస్తాయేమో గానీ రెండేళ్లు ఇది చదవగలను అనే ధైర్యం రాదు. మాక్ టెస్టులు కూడా పేపర్ మీదే పెడతారు, అసలు పరీక్షేమో కంప్యూటర్ మీద, 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు.

ఫీజు పర్లేదు, సాయంత్రం బ్యాచ్ కాబట్టి కాలేజీకి అడ్డం రాదు. ఉద్యోగం వచ్చినాక దూరవిద్యలో, ఇగ్నోలో ఎంఏ చేద్దామనుకునేవాళ్లకి ఎంట్రన్సే లేదు, ఈ కోచింగ్ అవసరం లేదు. రెగ్యులర్‌గా చేయాలనుకునే బీఎస్సీ, బీకాం వాళ్లు మాత్రం డబ్బు కట్టే ముందు ఆదివారం లిటరేచర్ క్లాసులో ఒకసారి కూర్చొని చూడండి, అడిగితే కూర్చోనిస్తారు.