యాన్సిబుల్ ప్లేబుక్ రివ్యూ: ‘ఛేంజ్డ్’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

వంద సర్వర్లలో ఒకే మార్పు చేయాలంటే ఫర్ లూప్ రాసి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) తిప్పేయడం ఇప్పటికీ మామూలే. చిక్కల్లా అది మధ్యలో ఆగినప్పుడు వస్తుంది. ఎక్కడిదాకా అయింది? మళ్లీ నడిపితే అదే లైను ఫైల్లో రెండోసారి చేరుతుందా? చాలా సర్వర్లను ఒక్కచోటి నుంచే సెట్ చేసే టూల్ యాన్సిబుల్; ఏమేం చేయాలో దానికి రాసిచ్చే ఫైలు ప్లేబుక్. ఆ ఫార్మాట్ విలువ తేలేది ఇక్కడే. 2012లో మైకేల్ డీహాన్ విడుదల చేసిన యాన్సిబుల్ 2015లో రెడ్‌హ్యాట్ చేతికి వెళ్లింది. ప్లేబుక్ మాత్రం ఇప్పటికీ మామూలు యామెల్ (ఇండెంట్లతో సెట్టింగులు రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఫైలే.

ఫైల్లో ఒకటో రెండో ప్లేలు ఉంటాయి. ఏ హోస్టుల మీద నడవాలో, సుడో (అడ్మిన్ హక్కులు) కావాలంటే ‘బికమ్’ అనీ పైన చెప్పి, కింద టాస్కులు వరసగా పేర్చడమే. అవతలి నోడ్‌లో (అంటే సర్వర్‌లో) ఏజెంటు ప్రోగ్రామ్ అక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. పైథాన్ లేకపోతే ‘రా’ మాడ్యూల్‌తో (మాడ్యూల్ అంటే ఒక్కో పనికి సిద్ధంగా ఉన్న కోడ్) ముందు దాన్ని ఎక్కించాలి. ఆ ప్లేలో ఫ్యాక్ట్స్ (నోడ్ వివరాలు) సేకరణ ఆపడం మరిచిపోతే మొదటి టాస్కు దాకా రాకుండానే పడిపోతుంది, ఎందుకంటే ఆ సేకరణకూ పైథానే కావాలి. రౌటర్లు, స్విచ్‌లకు ఈ బెడద లేదు: వాటి మాడ్యూళ్లు కంట్రోల్ మెషీన్‌లోనే (ప్లేబుక్ నడిపే చోటే) నడిచి, పరికరానికి కమాండ్లు మాత్రం పంపుతాయి.

ప్యాకేజ్, టెంప్లేట్, లైన్‌ఇన్‌ఫైల్ లాంటి మాడ్యూళ్లు ముందు ఉన్న స్థితి చూసి, తేడా ఉంటేనే చేయి పెడతాయి. అందుకే రెండోసారి నడిపితే ‘ఛేంజ్డ్’ (మార్పు చేసిన టాస్కుల సంఖ్య) సున్నా రావాలి. రాకపోతే చాలాసార్లు ఎక్కడో, ఇచ్చిన కమాండ్‌ను ఉన్నదున్నట్టు నడిపే ‘షెల్’ గానీ ‘కమాండ్’ గానీ ఉన్నట్టే. అవి లోపల ఏం జరిగిందో తెలియకుండానే ప్రతిసారీ ‘ఛేంజ్డ్’ అంటాయి. కేవలం చదివే కమాండ్‌కు ‘ఛేంజ్డ్ వెన్’ ఫాల్స్ పెట్టాలి, ఫైలు పుట్టించే కమాండ్‌కు ‘క్రియేట్స్’ (ఆ ఫైలు ఉంటే కమాండ్ నడపొద్దని) ఇవ్వాలి. ఈ రెండూ లేని ప్లేబుక్ యామెల్ చొక్కా తొడుక్కున్న షెల్ స్క్రిప్టే.

అసలు గండం హ్యాండ్లర్ల (మార్పు జరిగితేనే నడిచే టాస్కుల) దగ్గర ఉంది. కాన్ఫిగ్ ఫైలు మారితే సర్వీసును రీస్టార్ట్ చేయమని ‘నోటిఫై’ రాస్తాం. హ్యాండ్లర్ వెంటనే నడవదు, ప్లేలోని టాస్కులన్నీ అయ్యాక ఒక్కసారే నడుస్తుంది. ఈలోగా ఆ నోడ్‌లో వేరే టాస్కు ఫెయిలైతే హ్యాండ్లర్ వంతే రాదు. తప్పు సరిచేసి మళ్లీ నడిపితే కాన్ఫిగ్ అప్పటికే కొత్తది, కాబట్టి ఆ టాస్కు ‘ఓకే’ అంటుంది, నోటిఫై వెళ్లదు. తెరంతా పచ్చగా ఉంటుంది, సర్వీసు మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. ‘ఫోర్స్ హ్యాండ్లర్స్’ (టాస్కు ఫెయిలైనా హ్యాండ్లర్లను నడపమని) ట్రూ పెట్టడమో, కీలకమైన చోట ‘మెటా’ టాస్కుతో హ్యాండ్లర్లను అక్కడికక్కడే నడిపించడమో చేయాలి. ఈ ఫార్మాట్‌కు మార్కులు తగ్గించాల్సి వస్తే మొదట ఇక్కడే తగ్గించాలి.

యామెల్ సొంత చిక్కులు వేరే. ఇండెంట్‌కు ట్యాబ్ పనికిరాదు. విలువ జంట ఫ్లవర్ బ్రాకెట్లతో మొదలైతే మొత్తాన్నీ కొటేషన్లలో పెట్టాలి. వెర్షన్ 1.10 అని ఊరికే రాస్తే 1.1 అయిపోతుంది. నార్వే దేశపు కోడ్ ‘నో’ను కొటేషన్లు లేకుండా రాస్తే ఫాల్స్ అవుతుంది! ఫైల్ మోడ్‌ను 644 అని రాస్తే దశాంశ సంఖ్యగా చదువుకుని, ఆక్టల్‌లో (8 ఆధారపు లెక్కలో) 1204 పర్మిషన్ ఇస్తుంది. ఓనరే ఫైలు చదవలేడు. ‘0644’ అని కొటేషన్లలో రాయాలి.

నడిపే ముందు చెక్ (మార్చకుండా ఏం మారుతుందో చెప్పేది), డిఫ్ (ఫైల్లో తేడా చూపేది) ఆప్షన్లు కలిపి వాడాలి. కాకపోతే చెక్ మోడ్‌లో షెల్, కమాండ్ టాస్కులు మామూలుగా స్కిప్ అవుతాయి, వాటి ఫలితం మీద నిలబడ్డ తర్వాతి టాస్కు దారి తప్పుతుంది. చదివే కమాండ్లకు ‘చెక్ మోడ్’ ఫాల్స్ పెడితే అవి నిజంగానే నడుస్తాయి. డిఫ్‌తో ఇంకో జాగ్రత్త: వాల్ట్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసి) దాచిన పాస్‌వర్డ్ టెంప్లేట్‌లోకి వెళ్లిందంటే తెర మీద అక్షరాలా కనిపిస్తుంది. ఆ టాస్కుకు ‘నో లాగ్’ తప్పదు.

వేగం గొప్పగా ఏమీ ఉండదు. ఫోర్క్స్ (ఒకేసారి పని జరిగే నోడ్‌ల సంఖ్య) డిఫాల్ట్ 5 మాత్రమే, పెంచుకోవాలి. పైప్‌లైనింగ్ ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ రాకపోకలు తగ్గుతాయి, కానీ నోడ్ సుడోయర్స్ ఫైల్లో ‘రిక్వైర్ టీటీవై’ (టెర్మినల్ ఉంటేనే సుడో అనే నియమం) ఉంటే సుడో ఒప్పుకోదు. ప్రొడక్షన్‌లో ‘సీరియల్’ (నోడ్‌లను విడతలుగా చేయడం) లేకుండా నడపడం దుస్సాహసం. మొదట 1, తర్వాత 10 శాతం, ఆపైన మిగతావి అని జాబితాగా ఇవ్వవచ్చు. మొదటి నోడ్ పడిపోతే మిగతావాటి జోలికి వెళ్లకుండా ప్లే ఆగిపోతుంది.

టెర్రాఫామ్ (సర్వర్లు, నెట్‌వర్క్ లాంటివి సృష్టించే మరో టూల్) అలవాటున్నవాళ్లు బోల్తా పడేది మరోచోట. ఇక్కడ స్టేట్ ఫైలు (తాను చేసినవాటి జాబితా) లేదు. ప్లేబుక్‌లోంచి టాస్కు చెరిపేస్తే నోడ్‌లో అది చేసిన పని చెరిగిపోదు, ప్యాకేజీ అలాగే ఉంటుంది, యూజర్ అకౌంట్ అలాగే ఉంటుంది. తీసేయాలంటే అదే టాస్కును ‘స్టేట్: ఆబ్సెంట్’గా మార్చి, అన్ని నోడ్‌ల మీదా ఒకసారి నడిపాకే ఫైల్లోంచి తొలగించాలి.